సౌదా సంచితో ఇంగ్లీషు



బడులు తెరిచినరు, కాలేజీలు తెరిచినరు. ఈ దినాలల్ల ఏ ఇంటికి పోయి కూసున్నా రెండు మాటలు వినబడుతున్నయి. ఒకటి, "పిల్లగాడు పదికి వచ్చిండు, ఇంగ్లీషుల నాలుగు ముక్కలు మాట్లాడరాదు." రెండోది, "చేతిల పైసలు నిలుస్తలేవు, ఎక్కడ పెడుతున్నరో ఏమో." మొదటి మాటకు ట్యూషన్ పెడుతున్నం. రెండో మాటకు తిడుతున్నం. ఈ రెండు వేరువేరు సంగతులని మనం అనుకుంటం. పదమూడు నుంచి పద్దెనిమిది ఏండ్ల వయసులో ఇంగ్లీషు, ఖర్చు రెండూ ఒక్కసారే పిల్లల చేతికి వస్తయి. పిల్లలు కొనే ప్రతి వస్తువు మీద, వాళ్లు నొక్కే ప్రతి బటన్ మీద ఉండేది ఇంగ్లీషే. అందుకని రెంటినీ కలిపే నేర్పాలె అని నా మాట. ఈ నెల దాని గురించే రాస్తున్న.

అంగడే మొదటి బడి

మా చిట్గుప్పను చూస్తే సంగతి తెలుస్తది. 1956 నవంబర్ 1 దాకా బీదర్ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు జిల్లాను మూడు దిక్కులకు పంచినరు. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశ్‌కు పోయినయి. ఉద్గీరు, అహ్మద్‌పూరు, నీలంగ బొంబాయి రాష్ట్రానికి పోయినయి. మేము మైసూరు రాష్ట్రంలోకి వచ్చినం. కాగితం మీద గీతలు మారినయి గాని అంగడి మారలేదు. ఇప్పటికీ మా దగ్గర ఇంట్ల తెలుగు, బడిల కన్నడ, దుకాణంల దక్కనీ ఉర్దూ, పక్క గల్లీల మరాఠీ. పదేండ్ల పిల్లను కిరాణ కొట్టుకు తోలితే ఒక దగ్గర కందిపప్పు అంటది, ఇంకొక దగ్గర తొగరి బేళె అంటది, మూడో దగ్గర తువర్ దాల్ అంటది, నాలుగో దగ్గర తూర్ డాళ్ అంటది. ఎవరు నేర్పినరు? ఏ పంతులూ నేర్పలేదు. ఆ మాట రాకపోతే పప్పు సంచిలోకి రాదు, అంతే.

మన పెద్దల కాలంల భాష ఒక్కటే కాదు, పైసలు కూడా రెండు రకాలు ఉండేవి. నిజాం రాజ్యంల హాలీ సిక్కా నడిచేది, ఇంగ్లీషోళ్ల రూపాయిని కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. షోలాపూర్ అప్పట్ల ఇంగ్లీషోళ్ల కింద ఉండేది. అక్కడ 1877లో మొదటి మిల్లు పడ్డది, జూనీ మిల్లు అని మనోళ్లంతా పిలిచే మిల్లు. నిజాం రాజ్యం నుంచి పోయి అక్కడ పని చేసిన మనిషికి కూలి కల్దార్‌ల వస్తే, ఇంటికాడ ఖర్చు హాలీల ఉండేది. ఆ మనుషులు బడి గడప తొక్కినోళ్లు కాదు. అయినా ఏడుకు ఆరు లెక్క నోటికి వచ్చేది. రాకపోతే మారకం చేసేటోడు మింగేస్తడు కాబట్టి.

తర్వాత 1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు వచ్చినయి. రూపాయికి పదహారు అణాలు పోయి నూరు పైసలు అయినయి. 1958 నుంచి ఒక్కొక్కటిగా శేరు, తులం పోయి కిలో, గ్రాము వచ్చినయి. ఎనభై తులాల శేరు అంటే ఇప్పటి లెక్కల 933 గ్రాములు. శేరు ధరకే కిలో ఇస్తే మనకు లాభం, కిలో ధర తీసుకొని శేరు తూస్తే మనకు నష్టం. ఇది ముసలమ్మలు కూడా నెల రోజులల్ల పట్టేసినరు. కిలో, లీటరు, మీటరు మన మాటలు కావు. ఈ రోజు వాటిని ఇంగ్లీషు అని ఎవరైనా అంటరా? అంగట్ల నేర్చిన మాట అట్లనే ఇంటి మాట అయితది.

మిల్లు నేర్పిన ఇంగ్లీషు

మన మిల్లోళ్లకు ఈ సంగతి ఇంకా బాగ తెలుసు. నేను చదివింది ప్రైమరీ బడి వరకే. కాని బ్లో రూమ్, కార్డింగ్, రింగ్ ఫ్రేమ్, డాఫర్, జాబర్, వైండింగ్, బీమ్, రీడ్, పిక్ అనే మాటలు నిద్రల లేపి అడిగినా చెప్తం. 40 కౌంటు నూలు అంటే ఏందంటే, 840 గజాల హ్యాంకులు నలభై కలిస్తే ఒక పౌను బరువు తూగే నూలు. ఇది ఇంగ్లీషు, ఇది లెక్క, ఇది బతుకుదెరువు. మూడూ ఒక్క ముద్దలో కలిసి ఉన్నయి కాబట్టి గొంతు దిగినయి.

జీతం చీటి కూడా గట్లనే. పీఎఫ్, ఈఎస్ఐ, అడ్వాన్స్, డిడక్షన్ అనే మాటలు సంతకం పెట్టరాని మనిషికి కూడా తెలుసు. డిడక్షన్ అంటే కోత. కోత పడ్డ దినం ఆ మాట తెలుసుకోకుండా ఎవడూ ఇంటికి పోడు. పైసలు పోయే కాడ మనిషి చెవి బాగ పని చేస్తది.

మరి మన పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు పడుతలేదు? వాళ్లకు ఇంగ్లీషు పుస్తకంల ఒక దిక్కు ఉన్నది, పైసలు ఇంకో దిక్కు ఉన్నయి. పుస్తకంల ఇంగ్లీషు మార్కుల కోసం. పైసల కాడ ఉన్న ఇంగ్లీషును మాత్రం ఎవరూ చదవరు, బటన్ నొక్కి ముందుకు పోతరు. దీంతోటి ఏమైతదో మా ఇంటోళ్లల్ల జరిగిన సంగతి ఒకటి చెప్తా.

ఒక్క రూపాయి సంగతి

మా మేనకోడలు కొడుకు పీయూసీ మొదటి సంవత్సరం. పది దాకా కన్నడ మీడియం. పిల్లగాడు తెలివైనోడు, ఇంగ్లీషు మాట్లాడాలె అని పట్టుదల ఉన్నది. ఫోన్ల ఒక ప్రకటన చూసిండు: ఒక్క రూపాయికి ఏడు రోజులు ఇంగ్లీషు పాఠాలు. తల్లి ఫోన్ తీసుకొని రూపాయి కట్టిండు, పిన్ కొట్టిండు. ఏడు రోజులు పాఠాలు విన్నడు, తర్వాత పరీక్షలు వచ్చినయి, ఆ సంగతే మరిచిపోయిండు. తల్లి బ్లౌజులు కుడుతది. ఖాతాల నెలనెలా 599 రూపాయలు పోతున్నయి. మూడు నెలలు పోయినయి. మొత్తం 1,797.

ఆమె నా దగ్గరికి వచ్చి, "మామా, పైసలు ఎటు పోతున్నయో తెలుస్తలేదు, బ్యాంకోళ్లే కోస్తున్నరేమో" అన్నది. నేను, మా మనవరాలు కలిసి ఫోన్ల మెసేజులు ఒక్కొక్కటే చూసినం. ప్రతి నెలా పైసలు పోయే ముందు రోజు ఒక మెసేజు వచ్చి ఉన్నది. రేపు ఇంత మొత్తం మీ ఖాతా నుంచి తీసుకుంటం, వద్దనుకుంటే రద్దు చేసుకోండి అని. మూడు మెసేజులు, మూడూ ఇంగ్లీషుల. ఇంట్ల నలుగురిల ఒక్కరూ తెరువలేదు.

పిల్లగాడిని పిలిచి చదువుమన్న. "డెబిటెడ్ అంటే ఏంది బిడ్డా?" అన్న. తెలువదన్నడు. "మాండేట్ అంటే?" తెలువదన్నడు. హెడ్‌మాస్టరుకు సెలవు చీటి మాత్రం తప్పు లేకుండ రాస్తడు. ఇంగ్లీషు కోసం పైసలు కట్టిన పిల్లగాడు, ఆ పైసలు పోతున్నయని చెప్పే ఇంగ్లీషును చదువలేదు. తల్లి కొట్టబోతుంటే నేను ఆపిన. "నేను ఒక్క రూపాయే కట్టిన తాతా" అని ఏడ్చిండు. వాడు అబద్ధం చెప్పలేదు. వాడు రూపాయికే ఒప్పుకున్న అనుకున్నడు. కింద చిన్న అక్షరాలల్ల మిగతాది ఉన్నది.

దీని లోపల పని ఎట్ల నడుస్తదో అందరూ తెలుసుకోవాలె. దీన్ని ఆటోపే అంటరు. మొదటిసారి పిన్ కొట్టిన్నాడే, నెలనెలా తీసుకోవచ్చు అని వాళ్లకు అనుమతి ఇచ్చినట్టు. ఆ అనుమతినే మాండేట్ అంటరు. ఆ తర్వాత 15,000 రూపాయల లోపు అయితే మళ్ల పిన్ అడగకుండనే తీసుకోవచ్చు. అయితే పైసలు తీసుకునే 24 గంటల ముందు కబురు చెయ్యాలె అని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అది 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగ అమలైంది. మాండేట్‌ను మనం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. పైసలు కట్టే యాప్‌ల ఆటోపే అనే చోటుకు పోతే మనం ఇచ్చిన మాండేట్లన్నీ కనిపిస్తయి. అక్కడ క్యాన్సల్ నొక్కి పిన్ కొడితే ఆగిపోతది. మా మేనకోడలుది అట్లనే ఆపినం. ఫోన్ల నుంచి ఆ పాఠాల యాప్ తీసేస్తే చాలు అనుకుంటరు కొందరు. చాలదు. యాప్ పోయినా మాండేట్ ఉంటది.

ఇట్లాంటి ఎత్తులకు సర్కారే పేర్లు పెట్టింది. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పదమూడు రకాల మోసపు పద్ధతులను రాసి, ఇవి చెయ్యరాదు అని చెప్పింది. చేరుడు సులువు, బయటపడుడు కష్టం చేసి పెట్టేది ఒకటి. మనం అడగని వస్తువును లెక్కలో చేర్చేది ఒకటి. "ఇంకా రెండే మిగిలినయి, జల్ది కొనండి" అని లేని తొందర పుట్టించేది ఒకటి. ముందు తక్కువ ధర చూపించి చివరికి ఫీజులు కలిపేది ఒకటి. వద్దు అనేటోడిని సిగ్గుపడేటట్టు చేసేది ఒకటి. "నాకు పొదుపు అక్కర లేదు" అని రాసిన బటన్ నొక్కితే గాని బయటికి పోనియ్యరు చూడండి, అది ఇదే.

ప్యాకెట్ చదువుడు

ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి సంచి తీసుకోండి. మన కిరాణ సామానుల ఎంత ఇంగ్లీషు ఉన్నదో లెక్క పెట్టినరా? సబ్బు, చాయ్‌పత్తి, నూనె, బిస్కెట్, అన్నిటి మీద ఒక్క తీరుగనే ఉంటయి మాటలు. ఒక్కసారి నేర్చితే అన్ని ప్యాకెట్లకు పనికొస్తయి.

ఎం.ఆర్.పి. అంటే అన్ని పన్నులు కలిపి చిల్లరల అమ్మగలిగే ఎక్కువ ధర. అంతకు పైసా ఎక్కువ తీసుకోరాదు. తక్కువకు ఇయ్యొచ్చు, మనం అడగవచ్చు. దాన్ని ఖాయం ధర అనుకోని చానా మంది బేరమే మానేసినరు.

నెట్ క్వాంటిటీ అంటే డబ్బా, కాగితం తీసేస్తే లోపలున్న సరుకు ఎంత అని. ఇది తప్పక చూడాలె. పది రూపాయల ప్యాకెట్ ఎప్పుడూ పది రూపాయలే ఉంటది, లోపల గ్రాములు మాత్రం తగ్గుతుంటయి. ధర పెంచితే మనం అరుస్తం, గ్రాములు తగ్గిస్తే తెలువది.

యూనిట్ సేల్ ప్రైస్ అని ఇప్పుడు చిన్న అక్షరాలల్ల రాస్తున్నరు. గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత, కిలో దాటితే కిలోకు ఇంత అని. రెండు ప్యాకెట్లను పోల్చడానికి ఇదే అసలు మాట. మా పక్కింటి పిల్ల, తొమ్మిదో తరగతి, చాయ్‌పత్తి కాడ ఇది పట్టింది. 250 గ్రాముల ప్యాకెట్ 110 రూపాయలు. 100 గ్రాములది 40 రూపాయలు. పెద్దది గ్రాముకు 44 పైసలు, చిన్నది 40 పైసలు. అరకిలో కావాలంటే పెద్దవి రెండు కొంటే 220, చిన్నవి ఐదు కొంటే 200. పెద్దది కొంటే చవక అని మనం అనుకునేది ప్రతిసారి నిజం కాదని ఆ పిల్ల వాళ్ల అమ్మకు చెప్పింది. ఆ దినం నుంచి వాళ్ల ఇంట్ల చాయ్‌పత్తి ఆ పిల్లే తెస్తది.

బెస్ట్ బిఫోర్ అంటే ఆ తేదీ దాకా రుచి, గుణం బాగ ఉంటయని. ఎక్స్‌పైరీ, యూజ్ బై అంటే ఆ తేదీ దాటినంక తినరాదు, వాడరాదు. రెండు మాటలకు తేడా ఉన్నది. మందుల మీద ఎక్స్‌పైరీయే ఉంటది, అక్కడ ఏ సర్దుబాటూ లేదు.

అప్ టు 50 శాతం అంటే యాభై శాతం వరకు అని. నూటికి ఒక వస్తువు మీద యాభై తగ్గించి మిగతావాటి మీద ఐదు తగ్గించినా ఆ బోర్డు అబద్ధం కాదు. ఫ్లాట్ 50 అంటే అన్నిటి మీద యాభై. "50 ప్లస్ 20 శాతం" అని రాస్తే డెబ్బై కాదు. వెయ్యి రూపాయల బట్టకు ముందు సగం పోతే 500, ఆ ఐదువందలల్ల ఇరవై శాతం పోతే 400. తగ్గింది అరవై శాతమే. పిల్లలకు ఇది లెక్కల పాఠం, ఇంగ్లీషు పాఠం రెండూ.

నో కాస్ట్ ఈఎంఐ అంటే ఖర్చు లేని కిస్తు అని. ఫోన్ కొనే కాడ పిల్లలు ఈ మాటకే పడుతరు. సున్నా వడ్డీ అనేదే లేదని, ఆ వడ్డీని వేరే రూపంల వసూలు చేస్తుంటరని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. అందుకని ప్రాసెసింగ్ ఫీ అనే మాట ఎక్కడ ఉన్నదో వెతికించండి. నగదుకు ఎంత, కిస్తులకు ఎంత, రెండూ కాగితం మీద రాయించి కూడించండి.

బట్ట మీది చీటి

పిల్లలు ఈ వయసుల ఎక్కువ ఖర్చు పెట్టేది బట్టల మీద. ఇక్కడ మన కొలువు మనకు అక్కరకు రావాలె. దునియాకు బట్ట నేసి ఇచ్చినోళ్ల పిల్లలు బట్ట కొనే కాడ మోసపోతే ఎట్ల?

షర్టు మెడ కాడనో, పక్క కుట్టు కాడనో లోపల చిన్న చీటి ఉంటది. పిల్లలు బయట ఉన్న కంపెనీ పేరు చూస్తరు, లోపలి చీటి చూడరు. 100 శాతం కాటన్ అని ఉంటే పత్తి. కాటన్ బ్లెండ్ అంటే కలిపిందని. ఎంత కలిపినరో పక్కన చూడాలె. 60 కాటన్ 40 పాలిస్టర్ అని ఉండొచ్చు, అటుది ఇటూ ఉండొచ్చు. కాటన్ రిచ్ అంటే పత్తి ఎక్కువ, మొత్తం పత్తి కాదు. కాటన్ ఫీల్, కాటన్ టచ్ అంటే పత్తి లాగ తగులుతది అని మాత్రమే. అందుల పత్తి ఒక్క పోగు కూడా లేకపోవచ్చు. ఒక్క మాట తోటి రెండొందల రూపాయల తేడా వస్తది.

ఇంటికి తెచ్చినంక అనుమానం ఉంటే పాత పద్ధతి ఉన్నది. పిల్లలతోటి చేయించకండి, పెద్దోళ్లే చేసి చూపించండి. లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి నిప్పుకు పెట్టండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వస్తది, మెత్తటి బూడిద రాలుతది. పాలిస్టర్ అయితే ముడుచుకొని కరుగుతది, చివరికి గట్టి పూసలాగ అయితది. రెండూ కలిసి ఉంటే బూడిదల గట్టి గింజలు తగులుతయి. చీటి మీద ఇంగ్లీషు అబద్ధం చెప్పినా పోగు అబద్ధం చెప్పదు. మా మనవరాలికి ఒకసారి చేసి చూపిన. అప్పటి నుంచి ఆ పిల్ల దుకాణంల ముందు చీటి తిప్పి చూసి తర్వాత రంగు చూస్తది.

సిగ్గుకు ఎంత ధర

ఇంకొక సంగతి. మన బస్తీ పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, పుణెకో పోయి పెద్ద షోరూముల అడుగు పెడితే ఇంగ్లీషు రాదనే భయం ముందు పట్టుకుంటది. లోపలికి పోయినం, ఏసీ చల్లగ ఉన్నది, టై కట్టినాయన "మే ఐ హెల్ప్ యూ" అన్నడు. ఇంక కొనకుండ బయటికి వస్తే నామర్దా అని అక్కర లేనిది కొని వచ్చిన పిల్లలు నాకు తెలుసు. ఆ ఖర్చు వస్తువు ఖర్చు కాదు, సిగ్గు ఖర్చు.

అందుకని పిల్లలకు ముందు నేర్పాల్సిన ఇంగ్లీషు కొనే ఇంగ్లీషు కాదు, కొనకుండ వచ్చే ఇంగ్లీషు. ఐదు మాటలు చాలు. "జస్ట్ లుకింగ్" అంటే చూస్తున్న అంతే. "ఈజ్ దిస్ ది ఫైనల్ ప్రైస్?" అంటే ఇదే ఆఖరి ధరనా. "ఇట్ ఈజ్ టూ మచ్ ఫర్ మీ" అంటే నాకు ఇది ఎక్కువ. "నో, థాంక్యూ" అంటే వద్దండి. "బిల్ ప్లీజ్" అంటే బిల్లు ఇయ్యండి. ఈ ఐదు మాటలు తల ఎత్తి అనగలిగిన పిల్ల ఎక్కడైనా బతుకుతది. ఇంట్ల అద్దం ముందు కాదు, అన్న దుకాణదారుడు, చెల్లె గిరాకీ అయ్యి ఆడి నేర్చుకోవాలె. నవ్వుకుంట నేర్చింది మరువరు.

ఇంగ్లీషు రాకపోతే కూడా తప్పు లేదు. తెలుగులో అడగవచ్చు, కన్నడంలో, ఉర్దూలో అడగవచ్చు. జేబుల ఉన్న నోటు తీసి పిల్లలకు చూపించండి. ఒక్క దిక్కు హిందీ, ఇంగ్లీషు ఉంటయి. వెనక చిన్న పట్టీల పదిహేను భాషలల్ల ఆ నోటు విలువ రాసి ఉంటది. కన్నడ నాలుగోది, తెలుగు పద్నాలుగోది, ఉర్దూ ఆఖరిది. మరాఠీ కూడా ఉన్నది. మా చిట్గుప్ప అంగడి మొత్తం ఆ పట్టీల ఉన్నట్టే. ఏ భాషల అడిగినా ఆ నోటు విలువ తగ్గది, అడిగే మనిషి విలువ కూడా తగ్గది.

బిల్లు తప్పక తీసుకోవాలె. బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఇంగ్లీషుల అచ్చు వేసి ఉంటది. అది చదివి చానా మంది చెడ్డ వస్తువును కూడా ఇంట్లనే పెట్టుకుంటరు. చట్టం అట్ల చెప్పదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న వస్తువును బిల్లుల రాసిన గడువు లోపల, గడువు రాయకపోతే 30 రోజుల లోపల వాపసు తీసుకోను అనుడు తప్పుడు వ్యాపారం. బిల్లు ఇయ్యకపోవుడు కూడా తప్పే. అడిగినా వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు, అది సర్కారు వినియోగదారుల సహాయ నంబరు. ఫోన్ల మోసం చేసి పైసలు గుంజితే 1930కి వెంటనే చెయ్యాలె, ఆలస్యం చేస్తే పైసలు చేతులు మారిపోతయి.

ఇంట్ల మొదలు పెట్టే తీరు

ఇదంతా విని ట్యూషన్ మానిపియ్యమంటున్నడని అనుకోకండి. బడి బడే. దాని పక్కకు ఇది పెట్టండి.

వారానికి ఒక్కసారి సౌదా పని పిల్లలకు ఇయ్యండి. మగపిల్లగాడైనా ఆడపిల్లైనా ఒకటే. ఐదువందలు చేతికి ఇచ్చి, చీటి ఇంగ్లీషుల రాసుకొమ్మని చెప్పండి. చక్కెర, నూనె, సబ్బు, జీలకర్ర, ఉప్పు, ఏవైతే అవి. తెలువని మాట ఉంటే దుకాణంల ప్యాకెట్ మీద చూసి దిద్దుకోవాలె. తిరిగి వచ్చినంక బిల్లు పెట్టుకొని లెక్క చెప్పాలె. ప్యాకెట్లు పోల్చి మిగిలించింది ఎంతో అది పిల్లలకే ఇయ్యండి. పది మిగిలినా ఇరవై మిగిలినా వాళ్లదే. సొంత తెలివితోటి మిగిలిన పది రూపాయలు, అడిగి తీసుకున్న వంద కంటె ఎక్కువ కాలం నిలుస్తయి.

తప్పు చేస్తే, ఎక్కువ పెట్టి వస్తే, కొట్టకండి, నలుగురిల అనకండి. "ఈ బిల్లుల ఏ మాట కాడ పైసలు ఎక్కువ పోయినయి బిడ్డా" అని అడగండి. భయపడ్డ పిల్ల బిల్లు దాస్తది. బిల్లు దాచిన ఇంట్ల ఇంగ్లీషూ రాదు, లెక్కా రాదు.

రాత్రి అన్నం తిన్నంక ఫోన్ల ఆ రోజు వచ్చిన బ్యాంకు మెసేజ్ ఒక్కటి పిల్లలతోటి గట్టిగ చదివించండి. డెబిటెడ్ అంటే పోయినయి, క్రెడిటెడ్ అంటే వచ్చినయి, బ్యాలెన్స్ అంటే మిగిలినయి. పిన్ కొట్టేది పైసలు ఇయ్యడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర లేదు. ఈ ఒక్క మాట ఇంట్ల ముసలోళ్లకు కూడా పిల్లలే నేర్పాలె. పాఠం చెప్పినోడికే పాఠం బాగ వస్తది.

పదేండ్లు దాటిన పిల్లలు సొంతంగ సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లో చెప్పింది. ఎంత వరకు తీసుకోవచ్చనే హద్దు బ్యాంకు పెడుతది. మీ దగ్గరి బ్యాంకుల అడగండి. చిన్న ఖాతా ఉంటే పాస్‌బుక్కే వాళ్లకు ఇంకో ఇంగ్లీషు పుస్తకం అయితది. పద్దెనిమిది నిండనోళ్లు చేసుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. అందుకనే యాప్‌లల్ల "నాకు పద్దెనిమిది దాటినయి" అనే డబ్బా కాడ టిక్కు పెట్టమంటరు. ఆ టిక్కు కాడ పిల్లలు ఆగి పెద్దోళ్లను పిలువాలె. పెద్దోళ్లకు ఇంగ్లీషు రాకపోయినా సరే, పక్కన కూసొని "దీనికి పైసలు ఎంత, ఎన్నిసార్లు పోతయి, ఎట్ల ఆపాలె" అని మూడు మాటలు అడిగితే చాలు. పిల్లలు చదివి జవాబు చెప్పేదాక ఏ బటన్ నొక్కరాదు.

వచ్చే నెల పత్రిక వచ్చేదాక ఒక పని చెయ్యండి. మీ ఇంటి పిల్లలు ప్యాకెట్ల మీద, బిల్లుల మీద, మెసేజులల్ల చూసి అర్థం కాని మాటలు ఒక కాగితం మీద రాసి మీ బస్తీల పత్రిక తెచ్చి ఇచ్చేవాళ్ల చేతికి ఇయ్యండి. స్పెల్లింగ్ తప్పున్నా పర్వాలేదు. ఎక్కువ మంది అడిగిన మాటలు ఏరి, వాటి అర్థాలు వచ్చే నెల ఇదే పేజీల రాస్తా.